దుకాణాలు అమ్ముడుపోతేనే ఇళ్ళు

ముప్పై ఆరు కుటుంబాలను వాళ్ళున్న చోటి నుంచి లేపి, మళ్ళీ అదే చోట ఇళ్ళు ఇప్పించడం నాలుగేళ్ళపాటు నా ఉద్యోగం. నియామకపు కాగితంలో ఇంత సూటిగా రాయలేదు. 'ప్రజలకు అవగాహన కల్పించుట' అని రాశారు. ప్రభుత్వ ఇళ్ళ పథకంలో కాంట్రాక్టు ఉద్యోగం, ఏటేటా కొత్త కాగితం. ఉండేది వికారాబాదులో, పని తాండూరులో. పొద్దున్నే వంట ముగించి, డబ్బా సంచిలో వేసుకొని ప్యాసింజరు పట్టుకునేదాన్ని. ధారూరు దాటాక చాలాసేపు కంది చేలు, ఎర్రనేల. ఆ తర్వాత పట్టాల పక్కన గుట్టలుగా పోసిన రాతి ముక్కలు. ఆ ముక్కలు కనిపించాయంటే తాండూరు వచ్చినట్టే. దిగేసరికే నాకు సగం రోజు గడిచిపోయినంత అలసటగా ఉండేది. మొదటి ఏడాది ఆ అలసట ప్రయాణానిదే అనుకున్నాను.

తాండూరు బస్టాండుకు నడిచి వెళ్ళగలిగేంత దూరంలో, పెద్దరోడ్డు మీద ఒక పాత పప్పుమిల్లు ఉండేది. నేను చూసేనాటికే అది మూతపడి చాలాకాలం. ముందుభాగంలో తుప్పుపట్టిన గేటు, కప్పు కూలిన గోదాములు. వెనకభాగంలో, మిల్లు నడిచిన రోజుల్లో హమాలీల కోసం వేసిన రేకుల ఇళ్ళు. మిల్లు పోయినా హమాలీల పిల్లలు, వాళ్ళ పిల్లలు అక్కడే ఉండిపోయారు. కొందరు బండల పాలిషు యూనిట్లలో పనిచేసేవాళ్ళు, కొందరు మార్కెట్లో బస్తాలు మోసేవాళ్ళు, ఇద్దరు ముగ్గురికి ఆటోలు ఉండేవి. ఒక్క ఇంటికీ పట్టా లేదు. కరెంటు మీటరు మాత్రం ప్రతి ఇంటికీ ఉంది.

మిల్లు వారసులు ఆ స్థలాన్ని ఒక బిల్డరుకు ఒప్పగించారు. పథకం చెప్పడానికి తేలికే. రోడ్డువైపు మూడు అంతస్తుల దుకాణాలు. వెనకాల ఆ ముప్పై ఆరు కుటుంబాలకు రెండు చిన్న బ్లాకుల ఇళ్ళు. ఇళ్ళకు ప్రభుత్వం ఇచ్చేది కొంతే. మిగతాది దుకాణాలు అమ్మగా వచ్చిన దాంట్లోంచి బిల్డరు పెట్టాలి. అందుకు బదులుగా అతనికి ఒక అంతస్తు అదనంగా కట్టుకునే అనుమతి. పెద్ద నగరాల్లో ఇలాగే చేస్తారని, చిన్న ఊళ్ళలో కూడా చేసి చూపించాలని మాకు శిక్షణలో చెప్పారు. బోర్డు మీద బాణాలు గీసి చూపించారు. దుకాణంలోంచి డబ్బు, డబ్బులోంచి ఇల్లు. నాకు ఆ బొమ్మ నచ్చింది. ఎవరి దగ్గరా గుంజుకోకుండా పేదవాళ్ళకు ఇల్లు వస్తుందంటే ఎందుకు నచ్చదు? అందులో కాలాన్ని ఎక్కడా గీయలేదన్న సంగతి మాత్రం అప్పుడు తోచలేదు.

ఆ రేకుల వరసలో చివరి ఇల్లు బండలు పరిచే మేస్త్రీది. ఆయన తాత కొడంగల్ వైపు పల్లె నుంచి గొర్రెలు తోలుకుంటూ వచ్చి, ఏదో కరువులో గొర్రెలు అమ్ముకుని మిల్లులో హమాలీగా కుదిరాడట. మనవడి కాలానికి ఆ ఇంట్లో నాలుగు మేకలు మిగిలాయి. మేకల బాధ్యత భార్యది. ఆమె పుట్టిల్లు కర్ణాటక సరిహద్దుకు అవతల. కోపం వస్తే ఎవరినీ ఏమీ అనకుండా కన్నడంలో తనలో తాను గొణుక్కునేది. వయసు నాదే. నన్ను అక్కా అని పిలిచేది, నేనూ ఆమెను అక్కా అనేదాన్ని. మేస్త్రీ మాత్రం మొదట్లో మేడం అనేవాడు. కొన్ని నెలలకు ఆయనకూ అక్కనయ్యాను.

మొదటి సమావేశం గోదాము నీడలో పెట్టాం. ఆఫీసు నుంచి ఇంజనీరు వచ్చి నక్షా పరిచి, ఏ గది ఎక్కడ వస్తుందో వేలు పెట్టి చూపించాడు. మగవాళ్ళు నక్షా మీదికి వంగి చూస్తున్నారు. వెనక వరసలో కూర్చున్న మేస్త్రీ భార్య లేచి నిలబడి అడిగింది.

"దుకాండ్లు ముందు కడ్తరా సారూ, ఇండ్లు ముందు కడ్తరా?"

రెండూ ఒకేసారి మొదలవుతాయని ఇంజనీరు చెప్పాడు.

"మొదలువెట్టే ముచ్చట కాదు. ఒడుసుడు ముచ్చట అడుగుతున్న."

ఆయన నవ్వి, ఇంకో మీటింగు ఉందని, మిగతాది మేడం చెప్తుందని నావైపు చూపించి జీపెక్కాడు. అందరి తలలూ నావైపు తిరిగాయి. రెండూ ఒకేసారి పూర్తవుతాయని, ఏడాదిన్నరలో ఇళ్ళు చేతికొస్తాయని చెప్పాను. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నాకు చెప్పింది నేను చెప్పాను. కానీ వినేవాళ్ళ కళ్ళ ముందు నిలబడి చెప్పింది నేనే కాబట్టి ఆ మాట నాదే అయింది.

తర్వాతి నెలలన్నీ సంతకాలతో గడిచాయి. ఒక్కో ఇంటికి నాలుగైదు సార్లు తిరిగాను. అన్నదమ్ములు విడిపోయిన ఇంట్లో ఎవరి పేరు రాయాలి, భర్త వదిలేసి వెళ్ళిన ఇంట్లో భార్య సంతకం చెల్లుతుందా, ఇలాంటివన్నీ నేలమీద కూర్చుని తేల్చుకోవాల్సి వచ్చింది. ముప్పై ఐదు అయ్యాయి. చివరిది మేస్త్రీ ఇల్లు. ఆయన సంతకం పెట్టడానికి కలం తీసుకున్నాడు. భార్య ఆయన చెయ్యి పట్టి ఆపింది. లోపలికి వెళ్ళి నోటుబుక్కులోంచి చింపిన కాగితం ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. అందులో మేస్త్రీ చేతిరాతతో మూడు వాక్యాలు ఉన్నాయి. ఇదే జాగాలో ఇల్లు ఇస్తారు. ఏడాదిన్నరలో ఇస్తారు. అప్పటిదాకా కిరాయి ఇస్తారు.

"దీని మీద నువ్వు సంతకం పెట్టక్క," అంది. "ఆ బిల్డరెవలో నాకు తెల్వదు. ఇంజనీరు సారు రేపు ఇంకో ఊరికి పోతడు. నువ్వైతె దినాం రైలుకొస్తవు. నేను ఎరిగింది నిన్నే."

అలా పెట్టకూడదని నాకు తెలుసు. నేను ఆఫీసు తరఫున ఏ హామీ ఇవ్వగలిగిన మనిషిని కాదు. ఆ మాటే చెప్పబోయాను. కానీ అది చివరి ఇల్లు. సాయంత్రం రైలుకు టైమవుతోంది. నెలల తరబడి తిరిగిన కాళ్ళు లాగుతున్నాయి. పైగా ఆ మూడు వాక్యాల్లో నేను నమ్మనిది ఒక్కటీ లేదు. సంతకం పెట్టాను. ఆమె ఆ కాగితాన్ని మడిచి రేషన్ కార్డులో పెట్టుకుంది. అప్పుడు మేస్త్రీ కలం తీసుకున్నాడు.

ఖాళీ చేయించిన రోజుల గురించి ఎక్కువ చెప్పలేను. రేకులు ఎవరివి వాళ్ళే విప్పుకున్నారు. అమ్మితే ఎంతో కొంత వస్తుందని మేకులు కూడా ఏరుకున్నారు. అందరూ తాండూరులోనే తలో గల్లీలో ఒంటిగదులు కిరాయికి తీసుకున్నారు. ఒంటిగదిలో మేకలను ఏ ఓనరూ రానివ్వలేదు. కొడంగల్ దగ్గరి పల్లెలో మేస్త్రీ చిన్నాయన కొడుకు ఉన్నాడు. మేకలను అతని దగ్గరికి పంపించారు. ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తుంటే ఆమె అటు తిరిగి అంట్లు తోముతూ కూర్చుంది. ఏడాదిన్నరే కదక్కా అని నేనన్నాను. అవునక్కా అంది.

దుకాణాల పని చకచకా సాగింది. వెనక బ్లాకు కూడా పునాది దాటి పైకి లేచింది. ముందు సముదాయంలో బండలు పరిచే పని మేస్త్రీకే దొరికింది. బిల్డరు మనుషులు ఎవరిని పెట్టినా పెట్టేవాళ్ళే కానీ, మేస్త్రీ స్వయంగా వెళ్ళి అడిగాడు. ఒకరోజు నేను వెళ్ళేసరికి పై అంతస్తులో మోకాళ్ళ మీద కూర్చుని, బండకూ బండకూ మధ్య సందు దారంతో కొలుస్తున్నాడు. పక్కన పనిచేసే వాళ్ళిద్దరూ ఇంత నింపాదిగా చేస్తే రోజుకు ఎన్ని పడతాయని విసుక్కుంటున్నారు.

"గిది మన ఇంటి పైసలే కదక్కా," అన్నాడు నన్ను చూసి. "బండలు ఎంత మంచిగ పరిస్తె దుకాండ్లు అంత జల్ది అమ్ముడుపోతయ్. గవి అమ్ముడుపోతేనె మాకు ఇండ్లు."

శిక్షణలో చూపిన బాణాల బొమ్మను నేను వాళ్ళకు ఎన్నిసార్లు చెప్పానో. దాన్ని నాకంటే బాగా అర్థం చేసుకున్నది ఆయనే. నా మనసుకు హాయిగా అనిపించింది. ఆ నాలుగేళ్ళలో అలా అనిపించిన రోజులు చాలా తక్కువ.

కింది అంతస్తు సున్నం ఆరకముందే అమ్ముడుపోయింది. బట్టల దుకాణం, మందుల దుకాణం, సెల్‌ఫోన్లవాళ్ళు. మధ్య అంతస్తులో సగం పోయాయి. పై అంతస్తులో ఒక్కటీ పోలేదు. లిఫ్టు లేదు, దుకాణానికని అన్ని మెట్లు ఎక్కి ఎవరొస్తారు? అదనంగా ఇచ్చిన అంతస్తు అదే. ఇళ్ళకు డబ్బు రావాల్సింది దాంట్లోంచే. బిల్డరు మొదట పండుగ సీజనులో పోతాయన్నాడు. తర్వాత వచ్చే సీజను అన్నాడు. తర్వాత ఫోను తీయడం మానేశాడు. వెనక ఒక బ్లాకు స్లాబు దాకా వచ్చి ఆగింది. రెండో బ్లాకు పిల్లర్ల దగ్గరే ఆగింది. ఇనుప చువ్వలు వానకు తడిసి పిల్లర్ల మీద ఎర్రటి చారలు దిగాయి.

కిరాయి సాయం మాత్రం రాసిచ్చినట్టే ఏడాదిన్నర వచ్చి, ఏడాదిన్నరకు సరిగ్గా ఆగిపోయింది.

అప్పటి నుంచి నా ఉద్యోగం మారిపోయింది. కాగితం మీద మారలేదు. ఇంతకుముందు నేను వాళ్ళ ఇళ్ళకు వెళ్ళేదాన్ని, ఇప్పుడు వాళ్ళు స్టేషనుకు వచ్చేవాళ్ళు. రైలు దిగేసరికి ప్లాట్‌ఫారం మీద ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఓనరు ఖాళీ చెయ్యమంటున్నాడని ఒకరు, కోడలు పుట్టింటికి పోయిందని ఒకరు, హైదరాబాదు పోదామనుకుంటున్నాం, పోతే ఇల్లు రద్దవుతుందా అని ఒకరు. వెళ్ళకండి అని చెప్పడానికి నా దగ్గర ఏముంది? వెళ్ళమని చెప్పడానికీ నోరు రాలేదు. ఆఫీసులో అడిగితే బిల్డరుకు లేఖ రాశామన్నారు. నిజంగానే రాశారు, నకళ్ళు నేనే ఫైలులో పెట్టాను. ఇంజనీరు అప్పటికే బదిలీ అయ్యాడు.

రాయడానికి సిగ్గుగా ఉన్నా ఒక సంగతి రాయాలి. ఒక వారమంతా నేను రైలు వెనక డబ్బా ఎక్కి, తాండూరులో ప్లాట్‌ఫారం చివరి నుంచి పట్టాలు దాటి, చుట్టు తిరిగి ఆఫీసుకు వెళ్ళాను. ఎవరి ముఖం చూడాల్సి వస్తుందోనని. శనివారం నాడు ఆ దారి చివర మేస్త్రీ భార్య నిలబడి ఉంది. పాలిషు యూనిట్లో కూలికి కుదిరింది కాబోలు, చీర కొంగు దాకా రాతిపొడి.

"ఇట్నుంచి పోతె నీకు దూరమైతది కదక్క," అంది.

ఇద్దరం కలిసి నడిచాం. దారిలో ఆమే చెప్పింది. వచ్చే సోమవారం వికారాబాదు వస్తానని, పెద్దాఫీసులో అర్జీ ఇస్తానని, తోడు రమ్మని. ప్రాజెక్టులో పనిచేసే మనిషిని, అర్జీ ఇచ్చేవాళ్ళతో ఎలా వస్తానని అడగాల్సింది. అడగలేదు. ఆ చుట్టుదారి తర్వాత అడిగే ముఖం లేకపోయింది.

సోమవారం ఆమె, మేస్త్రీ, ఇంకో ఇద్దరు పొద్దుటి రైలుకే దిగారు. జొన్నరొట్టెలు గుడ్డలో కట్టుకొచ్చారు. జిల్లా ఆఫీసు వరండాలో బెంచీలు చాలక జనం గోడ వెంబడి కూర్చున్నారు. పూడూరు నుంచి భూమి తగాదావాళ్ళు, మోమిన్‌పేట నుంచి పింఛనువాళ్ళు. మోమిన్‌పేట మా పుట్టింటి వైపు. ఆ వరసలో తెలిసిన ముఖం ఒకటి కనబడి, నువ్వు కూడా అర్జీ పెట్టుకున్నవా అని అడిగింది. లేదన్నాను. తర్వాత ఆలోచిస్తే, పెట్టుకున్నట్టే కదా అనిపించింది.

మా వంతు మధ్యాహ్నం వచ్చింది. అర్జీలు తీసుకుంటున్న అధికారి చెడ్డవాడు కాదు. నలభై దాటని మనిషి, పొద్దున్నుంచి జవాబులు చెప్పీ చెప్పీ గొంతు అరిగిపోయి ఉంది. అర్జీ చదివి ఓపిగ్గానే చెప్పాడు. ఈ ఇళ్ళకు నిధులు దుకాణాల అమ్మకం నుంచి రావాలని, అమ్మకం లేనప్పుడు బలవంతంగా తెచ్చే మార్గం తక్కువని, కొంచెం ఆగాలని. మేస్త్రీ తల ఊపాడు. ఆయన భార్య ఊపలేదు.

"మేము దుకాండ్లు అమ్మేటోళ్ళం కాదు సారూ," అంది. "అమ్ముడుపోతె ఇస్తమని మాకు ఎవలూ చెప్పలే. ఏడాదిన్నరల ఇస్తమంటె లేచినం. ఇగో కాయితం."

రేషన్ కార్డులోంచి మడతలు విప్పి బల్ల మీద పెట్టింది. మడతల దగ్గర కాగితం పొరలు లేచింది కానీ నా సంతకం చక్కగా ఉంది. అధికారి చదివి, తలెత్తి ఎవరిదిది అని అడిగాడు. ఆమె నావైపు చూడలేదు, చెప్పనూ లేదు. ఆ క్షణంలో ఆమె నన్ను కాపాడాలనే చూసిందని నాకు ఇప్పటికీ నమ్మకం.

"నాది సార్," అన్నాను.

"ఎవరు పెట్టమన్నారు?"

"ఎవరూ పెట్టమనలేదు సార్. ఆమె అడిగింది, పెట్టాను."

ఆయన కాగితాన్ని మరోసారి చదివాడు. తర్వాత కాగితానికి జిరాక్సు తీయించి, అసలుది ఆమెకు తిరిగి ఇచ్చాడు. నేను వస్తాను, చూస్తాను అన్నాడు. అందరితో అనే మాటే అనుకుని బయటికి వచ్చాం.

స్టేషను దాకా నడుస్తుంటే ఆమె నా పక్కకు వచ్చింది.

"నీ మీదికొస్తదా అక్కా?"

"వస్తది," అన్నాను.

"నా దగ్గర వేరే కాయితం లేకపాయె," అంది. రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాం. రొట్టె సగం తుంచి నా చేతిలో పెట్టింది. తిన్నాను.

వారం తిరక్కుండానే నాకు మెమో వచ్చింది. అధికారం లేకుండా హామీ ఎందుకు ఇచ్చారో వివరణ ఇవ్వండి అని. రెండు పేజీలు రాసి, చింపేసి, మూడు లైన్లు రాశాను. మా ఆయన చదివి, దీంట్లో తప్పయిందన్న మాటే లేదేమిటని అడిగాడు. చూసుకుంటే నిజమే. మళ్ళీ రాసే ఓపిక లేక అలాగే ఇచ్చేశాను.

ఆ అధికారి మాత్రం నిజంగానే వచ్చాడు. ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం ముందుగా చెప్పకుండా తాండూరులో దిగాడు. వెనక బ్లాకులు చూశాడు. తర్వాత ముందు సముదాయం మెట్లెక్కి, పై అంతస్తుకు చేరేసరికి రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. ఇరవై నాలుగు షట్టర్లు రెండు వరసల్లో మూసి ఉన్నాయి. తాళాలు ఎవరి దగ్గరున్నాయో తెలియక వెతుకుతుంటే, కింది దుకాణంలో పనిలో ఉన్న మేస్త్రీ వచ్చి, అసలు తాళాలే వేయలేదని చెప్పి ఒక షట్టరు పైకి లేపాడు. లోపల నున్నటి బండలు, వాటి మీద వేలి మందం దుమ్ము. మేస్త్రీ భుజం మీది తువ్వాలతో గడప దగ్గర కాస్త తుడిచి, లోపలికి రండి అన్నట్టు పక్కకు జరిగాడు.

"ఇవి నేనే పరిచిన సారూ," అన్నాడు. "రెండేండ్ల సంది ఎవలూ వస్తలేరు. మావి కట్టేదాక మమ్మల్నన్న ఇందుల ఉండనియ్యుర్రి. దుమ్ము కొట్టుకపోతున్నయ్."

ఆయన అడిగింది కొన్నాళ్ళ తలదాపు మాత్రమే. అధికారి ఆ గదిలో ఇటు నుంచి అటు నడిచాడు. పక్క షట్టరు కూడా తీయించాడు. మధ్య గోడ మీద చేత్తో తట్టి, ఇది తీస్తే రెండూ కలిపి ఎంత వస్తుందని వెంట ఉన్న వాళ్ళను అడిగాడు. ఎవరి దగ్గరా టేపు లేదు. మేస్త్రీ బండలను లెక్కపెట్టి చెప్పాడు. వెనక బ్లాకు గదుల కంటే ఎక్కువే ఉంది.

ఆ ఒక్క ప్రశ్న నుంచి తాళాలు చేతికి వచ్చేదాకా ఇంకో ఏడాది పట్టింది. దుకాణాల అంతస్తును ఇళ్ళుగా మార్చడానికి అనుమతులు, నీళ్ళు, మురుగు గొట్టాలు, అన్నీ కొత్తగా. బిల్డరు ఒప్పుకోడనుకున్నాం. కానీ పని మొత్తం పూర్తయినట్టు ధ్రువపత్రం ఇస్తే తప్ప కింది దుకాణాలకు కూడా రిజిస్ట్రేషను కాదని అధికారి బిగించాడు. డబ్బు కట్టిన బట్టల దుకాణం ఓనరు, మందుల దుకాణం ఓనరు రోజూ బిల్డరు ఇంటి ముందు కూర్చోవడం మొదలుపెట్టారు. మా ముప్పై ఆరు కుటుంబాలు రెండేళ్ళు తిరిగి చేయలేని పనిని వాళ్ళు మూడు నెలల్లో చేశారు. అందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

చివరికి తేలింది ఇది. పైన రెండేసి దుకాణాలు కలిపి పన్నెండు ఇళ్ళు. వెనక స్లాబు దాకా వచ్చిన బ్లాకును పూర్తిచేసి ఇరవై ఇళ్ళు. రెండో బ్లాకు ఇక లేదు, ఆ పిల్లర్లు అలాగే ఉన్నాయి. ముప్పై రెండు ఇళ్ళు, ముప్పై ఆరు కుటుంబాలు. అయినా గొడవ కాలేదు. ఎందుకంటే నాలుగు కుటుంబాలు అప్పటికే లేవు. మొదటి ఏడాది చేసిన నా జాబితా పట్టుకుని వాళ్ళ కోసం తిరిగాను. ఒక కుటుంబం హైదరాబాదు శివార్లలో కట్టుబడి దగ్గర కాపలా ఉంటున్నదని తెలిసి వెళ్ళాను. భార్యాభర్తలిద్దరూ కొత్తగా లేస్తున్న అపార్టుమెంటు కింద ప్లైవుడ్ గదిలో ఉన్నారు. పిల్లలు అక్కడ బడిలో పడ్డారు, మళ్ళీ కదిలించలేమని ఆయన అన్నాడు. ఇల్లు మాకే ఉంచుతారా అని ఆమె అడిగింది. వచ్చి ఉంటేనే అన్నాను. ఆమె నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. మిగతా మూడు కుటుంబాల జాడ దొరకలేదు. ఇంకొన్నాళ్ళు వెతకాల్సింది. వాళ్ళు దొరికితే ఇళ్ళు ఎక్కడివి అన్న ప్రశ్న ఒకటి ఉంది కాబట్టి, ఆఫీసులో ఎవరూ ఇంకా వెతకమని అనలేదు. నేనూ ఆగిపోయాను. దాని బరువు నా మీద ఇంకా ఉంది.

ఇళ్ళు ఎవరికి ఎక్కడ రావాలో చీటీలు తీశారు. మేస్త్రీకి పై అంతస్తు వచ్చింది. ఆయన భార్య వెనక బ్లాకులో కింది ఇల్లు రావాలని కోరుకుంది. మేకలను తెచ్చుకుని మెట్ల కింద కట్టుకోవచ్చని అంతకాలం మనసులో పెట్టుకున్నదట. మార్చుకుంటారా అని నలుగురిని అడిగింది, ఎవరూ ఒప్పుకోలేదు. ఆ రోజు కన్నడంలో చాలాసేపు గొణుక్కుంది.

మార్పు పనుల్లో కూడా మేస్త్రీయే ఉన్నాడు. నీళ్ళగొట్టం, మురుగు గొట్టం వేయాలంటే పరిచిన బండలను పగలగొట్టాలి. మూడేళ్ళ కిందట దారం పెట్టి సందులు కొలిచిన చోటే ఉలి పెట్టాడు. నేను ఆ పూట అక్కడే ఉన్నాను. వేరేవాళ్ళకు అప్పజెప్పమని అన్నాను.

"వేరేటోళ్ళైతె పక్క బండలు గుడ పలగ్గొడ్తరక్కా," అన్నాడు. మళ్ళీ తల వంచుకుని సుత్తి అందుకున్నాడు.

తాళాలు ఇచ్చే రోజుకు నేను ఉద్యోగంలో లేను. ఆ ఏడాది కాగితం మళ్ళీ రాలేదు. ఆ సంతకం వల్లే అని ఎవరూ అనలేదు, కాదనీ ఎవరూ అనలేదు. ప్రాజెక్టు ముగింపుకు వచ్చింది కాబట్టి మనుషులు అవసరం లేదన్నారు. అదీ నిజమే కావచ్చు. ఆ రోజు నా సొంత టికెట్టు మీద తాండూరు వెళ్ళి, జనం వెనకాల నిలబడి చూసి వచ్చాను. వేదిక మీద కుర్చీల్లో కూర్చున్న వాళ్ళలో నాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. మేస్త్రీ భార్య తాళం తీసుకుని దిగి, జనంలో నన్ను వెతికి పట్టుకుని, నా చెయ్యి కాసేపు వదల్లేదు. తాళం కూడా ఆ చేతిలోనే ఉంది, గట్టిగా గుచ్చుకుంది.

మొన్న వానాకాలంలో చుట్టాల పెళ్ళికి తాండూరు వెళ్ళి, భోజనాలయ్యాక ఆ సముదాయానికి నడిచాను. పై అంతస్తు మెట్లెక్కడానికి నాకు రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. రెండు దుకాణాలు కలిపిన ఇల్లు కాబట్టి ఒక షట్టరు తీసేసి తలుపు పెట్టించుకున్నారు. రెండోది అలాగే ఉంది. గాలి కోసం దాన్ని నడుం ఎత్తుకు లేపి కింద ఇటుక పెట్టారు. లోపల గ్యాస్ పొయ్యి, మంచం, గోడకు బట్టలు. నేల అద్దంలా ఉంది, గొట్టం పోయిన దారి మాత్రం సిమెంటు చారలా కనిపిస్తుంది.

ఆమె బాగా చిక్కింది. పాలిషు యూనిటు పని మానేసింది, దగ్గు వస్తోందట. మేకల సంగతి అడిగాను. మరిది అమ్మేశాడని, ఇస్తానన్న డబ్బు ఇంకా ఇవ్వలేదని, పోనీ ఇక్కడ మాత్రం ఎక్కడ కడతానని అంది. కింది బట్టల దుకాణం ఓనరుతో రోజూ పేచీ. ఆరేసిన బట్టల నీళ్ళు అతని బోర్డు మీద పడతాయట. ఇదే మనిషి బిల్డరు గుమ్మంలో కూర్చోకపోతే మీకు ఇల్లు వచ్చేది కాదని గుర్తు చేశాను. ఆ సంగతి అతనికి తెలియదు, నాకు తెలుసు, అందుకే బట్టలు పిండి ఆరేస్తున్నా అంది.

టీ తాగాక అడిగాను, ఇల్లు ఎలా ఉందక్కా అని. అడగకూడదేమో అనిపించింది కానీ, నాకు ఇంకెవరు చెప్తారు?

"ఇల్లు మంచిగనే ఉన్నది," అంది. "ఎవలూ లెమ్మనరు, గా ఫికర్ పోయింది. గని మస్తు అలసిపోయినమక్కా. ఇంట్ల కూసున్నంక అలసట పోతదనుకున్న. పోతలేదు."

నాకూ పోలేదని చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

మేస్త్రీ ఇంకా పని నుంచి రాలేదు. మా వికారాబాదులోనే ఏదో కొత్త కట్టడంలో బండలు పరుస్తున్నాడట, పొద్దుటి రైలుకు వెళ్ళి సాయంత్రం రైలుకు వస్తున్నాడట. నన్ను దింపడానికి ఆమె కిందికి బయల్దేరింది. మధ్య అంతస్తు దగ్గర దగ్గు వచ్చి మెట్టు మీద కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. కింద బట్టల దుకాణంలో ఎవరో చీర ధర తగ్గించమని అడుగుతున్నారు, ఓనరు ఒప్పుకోవడం లేదు. వాళ్ళ బేరం తెగేదాకా ఇద్దరం వింటూ కూర్చున్నాం.